డ్యూటీ దిగాక నాటిక

బాపట్లలో వైద్యం చేసుకుంటూనే డాక్టర్ కొర్రపాటి గంగాధరరావు వందకు పైగా నాటకాలు, నాటికలు రాశారు. కాబట్టి ‘ఉద్యోగం ఉంది, తీరిక లేదు’ అన్న మాట మన బాపట్ల జిల్లాలో చెల్లదు. పర్చూరులో బడిలోనో, బ్యాంకులోనో, జిన్నింగు మిల్లులోనో పనిచేస్తూ ఓ హాస్య నాటిక వేద్దామనుకునేవాళ్ళకు అసలు చిక్కు నటన కాదు, నలుగురూ ఒకచోట చేరడం. ఏ నిర్ణయమైనా దాన్నిబట్టే తీసుకోండి.

పాత్రలు నాలుగు, మహా అయితే అయిదు. నిడివి గంటలోపు. పది పాత్రలున్న నాటకం ఎత్తుకుంటే రోజూ ఎవరో ఒకరికి ఆడిటో, పెళ్ళో అడ్డం వస్తుంది. స్త్రీ పాత్రకు బయటి నుంచి నటిని పిలిస్తే పారితోషికం, రానుపోను ఖర్చు, అర్ధరాత్రి ఇంటికి చేర్చే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. చివరి వారం రిహార్సళ్ళకు ఆమె వచ్చి తీరాలి.

అక్టోబరు నుంచి పత్తి తీతలు, ఆపైన మిరప కోతలు, మార్చిలో బ్యాంకు లెక్కలు, బడి పరీక్షలు. అందుకని ఏప్రిల్‌లో మొదలుపెట్టి మే నెలాఖరుకు ప్రదర్శన పెట్టుకోవడం మేలు. వారానికి నాలుగు రోజులు, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు చాలు. మొదటి రెండు వారాల్లో అందరికీ పోర్షన్ నోటికి రావాలి. కాగితం చేతిలో ఉన్నంతకాలం హాస్యం పండదు.

స్క్రిప్టు కోసం వేటపాలెం వెళ్ళి, 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత నాటికల పుస్తకాలు ఉన్నాయేమో అడగండి. కాపీరైటు సంగతి కూడా చూసుకోవాలి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. ఫ్రెంచి నాటకకర్త మోలియర్ హాస్యాన్ని తెలుగిళ్ళలోకి తెచ్చిన భమిడిపాటి కామేశ్వరరావు 1958లో పోయారు కనుక, ఆయన బతికుండగా అచ్చయిన నాటికలకు ఆ గడువు 2018తో తీరింది. ‘ఈ ఇల్లు అమ్మబడును’ రాసిన డి.వి.నరసరాజు 2006లో పోయారు, ఆయన నాటికల హక్కుల గడువు ఇంకా తీరలేదు. ఔత్సాహిక సంఘం టికెట్టు లేకుండా ఆడితే చట్టం మినహాయింపు ఇస్తుంది. టికెట్టు పెట్టినా, కథ మార్చినా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

రిహార్సల్లో ఎక్కువ సమయం టైమింగుకే ఇవ్వండి. ఇంటి ఓనరు, అద్దెకున్నాయన మాట్లాడుకుంటున్నారనుకోండి:

“అద్దె ఎప్పుడిస్తావయ్యా?”

“మిరపకాయలు అమ్మగానే ఇస్తానండి.”

“కాయలెక్కడున్నాయి?”

“ఇంకా విత్తనాల కొట్లోనే ఉన్నాయండి.”

ఇక్కడ జనం నవ్వుతారు. కొత్త నటుడు కంగారుపడి తర్వాతి డైలాగు అందుకుంటాడు, అది నవ్వులో కొట్టుకుపోతుంది. నవ్వు సగానికి తగ్గేదాకా ఓనరు అద్దెకున్నాయనకేసి గుడ్లప్పగించి చూస్తూ నిలబడాలి. ఆ చూపుకు ఇంకో నవ్వు వస్తుంది. నవ్వించిన నటుడు మాత్రం నవ్వకూడదు. రిహార్సల్‌కు రోజూ ఓ కొత్త మనిషిని కూర్చోబెడితే నవ్వు ఎక్కడ వస్తుందో తేలిపోతుంది.

మైకుకు పోలీసు అనుమతి తప్పనిసరి. ఆరుబయట రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకరు మోగకూడదు, ప్రత్యేక సడలింపు ఉంటే తప్ప. కాబట్టి ఎనిమిదిన్నరకే తెర తీయండి, ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోవచ్చు. ప్రభుత్వోద్యోగులు డబ్బు తీసుకుని నటించే పక్షంలో ముందే పై అధికారి అనుమతి రాయించుకోవాలి.

ఊళ్ళో రెండు ప్రదర్శనలు పడ్డాకే నాటక పరిషత్తు పోటీలకు అప్లికేషన్ పెట్టండి. బహుమతి కోసం అప్పుచేసి సెట్టు వేయకండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, పోర్షన్ వచ్చిన నలుగురు మనుషులుంటే హాస్య నాటికకు చాలు.