అర్దబీల్ తివాచీ

ఇరాన్ దేశమునకు వాయవ్య భాగమున అర్దబీల్ అను పట్టణము కలదు. అచ్చట షేక్ సఫీయుద్దీన్ అను సూఫీ మహనీయుని సమాధి మందిరమున్నది. ఆయన 1334వ సంవత్సరమున కాలధర్మము నొందెను. ఆయన వంశీయులే సఫవీ రాజులై 1501 మొదలు ఆ దేశము నేలిరి. వారిలో రెండవ రాజగు షా తహ్మాస్పు కాలమున ఈ మందిరము విస్తరింపబడెను. దీని కొరకు నేయబడినవని చెప్పబడు రెండు తివాచీల చరిత్రము మిక్కిలి విచిత్రమైనది.

ఆ రెండును ఒకే రూపు గలవి. ఒకే కొలత గలవి. వానిలో ఒక్కొక్క దాని నిడివి పదిన్నర మీటర్లు. వెడల్పు అయిదు మీటర్లకు పైమాట. తివాచీ నేత వస్త్రపు నేత వంటిది కాదు. మగ్గముపై బిగించిన పడుగు పోగులకు ఉన్ని దారపు తునకలను ఒక్కొక్కటిగా ముడివేయుదురు. ఒక వరుస ముగిసిన పిమ్మట పేక నడిపి, దువ్వెన వంటి సాధనముతో బిగువుగా అదుముదురు. తెలుగునాట ఏలూరు, ఓరుగల్లు నేతగాండ్రకును ఈ ముడినేత పారసీకము నుండియే సంక్రమించినదందురు. అర్దబీల్ తివాచీలో పడుగును పేకయు పట్టుదారములే. అవి సన్నములై గట్టివగుటచే ముడులు దట్టముగా అమరినవి. పది సెంటీమీటర్ల చదరమున 5,300 ముడులున్నవి. తివాచీ యంతటను గల ముడులు రెండున్నర కోట్లకు పైమాట! ఒక్కడే కూర్చుండి, నిమిషమునకు పది ముడుల చొప్పున దినమునకు ఎనిమిది గంటలు శ్రమించినచో, ఒక్కనాడైనను విశ్రమింపక పదునాలుగేండ్లకు పైగా వేయవలసియుండును. కావున పెక్కుమంది వరుసగా కూర్చుండియే దీనిని నేసియుండవలెను.

ఇందలి ఉన్నికి పది రంగులు వేసిరి. నీలిమందు, దానిమ్మ తొక్క మొదలగు ప్రకృతి సిద్ధమైన పదార్థములే ఆ రంగులకు మూలము. ముదురు నీలపు నేలపై తీగలు మెలికలు తిరిగి పూలు పూచియుండును. నడుమ పసుపుపచ్చని పెద్ద పతకము. దాని చుట్టును కొనదేరిన కోడిగ్రుడ్డు ఆకారములు పదునారు. నాలుగు మూలలందును ఇట్టి పతకపు నాలుగవ భాగము కానవచ్చును. అందుచే ఈ పూలతోట తివాచీ అంచులతో ముగియక, ఆవలకును వ్యాపించినట్లు తోచును.

పతకమునకు ఇరువైపుల రెండు దీపములు వ్రేలాడుచున్నట్లు చిత్రింపబడినవి. వానిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న దీపము కడ కూర్చున్న వానికి రెండును సమానముగా కనబడుటకై అట్లు చేసిరని కొందరందురు. కాని ఆ కాలపు పారసీక చిత్రకళలో అట్టి పద్ధతి కానరాదు. పరిపూర్ణత భగవంతునికే చెల్లును గావున, బుద్ధిపూర్వకముగనే లోపము నుంచిరని మరికొందరందురు.

తివాచీ యొక కొనయందు చిన్న చట్రములో హాఫిజ్ మహాకవి పద్యమొకటియు, దాని క్రింద కాషాన్ వాడగు మఖ్సూద్ పేరును, హిజరీ 946 అను సంవత్సరమును నేయబడినవి. అది క్రీస్తుశకము 1539-40కి సరిపోవును. మఖ్సూద్ తన్ను ఆస్థాన దాసునిగా చెప్పుకొనెను. అతడీ పనికి అధికారిగా నుండెనని విద్వాంసుల తలంపు. ముడులు వేసినవారి పేర్లు మాత్రము ఎచ్చటను లేవు.

మూడువందల యేండ్లకు పైగా గడచెను. తివాచీలు అరిగి చిరిగెను. 1890 ప్రాంతమున అవి అమ్ముడుపోయి ఇంగ్లండు చేరెను. అచ్చట వర్తకులు ఒక సాహసము చేసిరి. రెండింటిలో ఒకదానిని కోసి, ఆ తునకలతో రెండవదానిని బాగుచేసిరి. బాగుపడినదానిని చూచి, ఆంగ్లకవియు అలంకార శిల్పియు నగు విలియం మారిస్ ముగ్ధుడై, దానిని కొనుమని లండనులోని మ్యూజియము వారికి సిఫారసు చేసెను. 1893లో వారు రెండువేల పౌనులకు దానిని కొనిరి. ఆ సంస్థయే నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము. జంట తివాచీ సంగతి పిమ్మటగాని బయటపడలేదు. అంచులను గోలుపోయి చిన్నదైన ఆ రెండవదానిని 1953లో జె. పాల్ గెట్టీ అను ధనికుడు అమెరికాలోని లాస్ ఏంజిలిస్ మ్యూజియమునకు దానమిచ్చెను.

వర్తకులు చేసినది మేలా, కీడా? ఒకటి నిండుగా నిలిచినదన్నమాట నిజమే. కాని జంటలో రెండవది ఎన్నటికిని పూర్ణరూపము నొందజాలదు. చిరిగిన భాగము చిరిగినట్లే యున్నను, అది తన కథను తాను చెప్పును. అతికిన భాగము చూపరిని భ్రమింపజేయును. పురాతన వస్తువును సుందరముగా చేయుట వేరు, సంరక్షించుట వేరు.

సంరక్షణమునకు ఓరిమి కావలెను. వెలుతురు రంగులను మెల్లమెల్లగా హరించును. అందుచే లండను మ్యూజియము వారు 2006లో తివాచీని నేలపై పరచి, చుట్టును గాజుగోడల నమర్చి, అరగంటకొక పర్యాయము పది నిమిషములు మాత్రమే దీపములు వెలిగించు ఏర్పాటు గావించిరి. చూడవచ్చినవారు ఆ పది నిమిషములకై వేచియుందురు. ముందుతరములవారికిని ఆ రంగులు దక్కవలెనన్న, నేటివారు కొంత చీకటిని సహింపవలెను గదా!

అంచులు పోయిన లాస్ ఏంజిలిస్ తివాచీపైనను మఖ్సూద్ పేరు చెక్కుచెదరక నిలిచియున్నది. నేయించిన ప్రభువు పేరు అందు లేదు. దాసుడనని చెప్పుకొనినవాని పేరే, రెండు దేశములలో రెండు తివాచీలపై, నేటికిని వెలయుచున్నది.