పిస్తాపప్పును వేరుసెనగయు

పిస్తాపప్పు ధనికుల పళ్లెరములలో నుండును. వేరుసెనగకాయలు మన బాలుర జేబులలో నుండును. ఈ రెంటికిని భేదము వెలయందే గాని బలమునందు గాదని మా యభిప్రాయము. పిస్తా ఇరానులోను, కాలిఫోర్నియాలోను చెట్టున కాచును. వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చి మన అనంతపురపు మెట్టచేలలో స్థిరపడినది. వృక్షశాస్త్రరీత్యా నిది కందులకు, పెసలకు చుట్టము. నూరు గ్రాముల పిస్తాలో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు, వేరుసెనగలో 25. రెంటిలోను దాదాపు సగము నూనెయే. నేతికి మారుగా నిట్టి నూనె గల గింజలను దినిన రక్తములోని చెడు కొలెస్టరాలు తగ్గును. అయినను దినమునకు గుప్పెడు చాలును.

మేము ముఖ్యముగా జెప్పదలచినది వేరొకటి కలదు. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినవి. వానికి మేపిన వేరుసెనగపిండిలో బూజు పుట్టించిన విషముండెనని విచారణలో దేలినది. ఆఫ్లాటాక్సినను నీ విషము మనుష్యుల కాలేయమును గూడ చెరచును. వేయించినను పూర్తిగా పోదు. కాయలను బాగుగా నెండబెట్టక తేమతో మూటగట్టిన నీ బూజు పట్టును. పిస్తాకును ఈ యాపద తప్పదు. కావున, బాలబాలికలారా, ముడుతపడినదియు, నల్లబడినదియు, చేదైనదియు నగు గింజను వెంటనే యుమిసివేయుడు. సరకు వ్యర్థమగునని తల్లులు దానిని పచ్చడిలో నూరరాదు.

ఐదేండ్లలోపు శిశువులకు గింజ గొంతున నడ్డుపడవచ్చును. మెత్తగా పొడిచేసి పెట్టవలెను. కొందరికి ఒక్క గింజతోనే దద్దులు లేచి యూపిరాడదు. అట్టివారిని చాపల్యమని గేలిసేయక, తత్క్షణమే వైద్యునియొద్దకు గొనిపోవలెను.