చెవులు మూసుకున్న చేతులు

చెల్లెళ్లూ, బడులు తెరిచారు, పొద్దున్నే బాక్సుల హడావుడి మొదలైంది కదూ! జూన్ 21న యోగా దినోత్సవమని పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఆసనాలు వేయిస్తారు. ఆ వరసలో నిలబడలేని పిల్లల గురించి ఈసారి మాట్లాడుకుందాం. ఆటిజం ఉన్నవాళ్లు, చదవడం రాయడం అంత తేలిగ్గా పట్టుబడనివాళ్లు నా దగ్గరకి యోగాకి వస్తుంటారు.

వాళ్లలో ఒక తొమ్మిదేళ్ల బాబు. మొదటిరోజు అమ్మ కొంగు పట్టుకునే వచ్చాడు. పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు. అంతే, రెండు చెవులూ గట్టిగా మూసుకుని మూలకి పరిగెత్తాడు. "చేతులు దించు నాన్నా, టీచర్ చూస్తోంది" అని వాళ్లమ్మ బతిమాలుతోంది. నేనూ అదే పని చేశాను. చేతులు దించు, నమస్కారం పెట్టు అని మూడురోజులు వాడి వెంటపడ్డాను. వాడు చాప మీదకి కూడా రాలేదు.

నాలుగోరోజు వాడికి కాస్త ఎడంగా గోడవారన కూర్చున్నాను. వాడిలాగే చెవులు మూసుకున్నాను. కళ్లు మూసుకుని, నోరు తెరవకుండా "మ్మ్మ్..." అని సన్నగా నాదం తీశాను. కాసేపటికి చూస్తే వాడు ఓరగా నన్నే గమనిస్తున్నాడు. వారం తిరిగేసరికి వాడి గొంతులోంచీ ఆ నాదం వచ్చింది. అది భ్రామరి ప్రాణాయామం. బొటనవేళ్లతో చెవులు మూసి, తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదలాలి. నేను దించమని పోరిన ఆ చేతుల్లోనే సగం భ్రామరి ఉంది. ఆ సంగతి నాకే తట్టలేదు. ఈ పిల్లలకి నేర్పాలంటే ముందు వాళ్లేం చేస్తున్నారో చూడాలి, అక్కణ్ణించే మొదలుపెట్టాలి అని ఆరోజే గట్టిగా అనుకున్నాను.

ఈ దారిలో నాకంటే ముందే నడిచినవాళ్లున్నారు. బ్రెజిల్‌లో సోనియా సుమార్ అనే యోగా టీచరుకి 1972లో డౌన్ సిండ్రోమ్‌తో పాప పుట్టింది. ఆవిడ పసితనం నుంచే ఆ పాపకి తగ్గట్టుగా ఆసనాలు మలుచుకుని చేయించింది. ఆ తర్వాత ఎన్నో దేశాల టీచర్లకి ఆ పద్ధతి నేర్పింది. అదంతా ఒక అమ్మ తన బిడ్డని చూసుకుంటూ కట్టుకున్న చదువు.

ఇంట్లో మొదలుపెడదామనుకునే వాళ్లకి నాలుగు మాటలు. రోజూ అదే చోట, అదే వేళకి, అదే వరసలో చేయించండి. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిస్తే ఈ పిల్లలకి సగం బెంగ తీరిపోతుంది. మీ బిడ్డ ఆసనం వేస్తుండగా ఫొటోలు తీసి గోడకి అతికించండి. ఒకటి అయిపోగానే ఆ ఫొటో తీసి డబ్బాలో వేయడం వాడి పని. మాటలు తక్కువ వాడండి, "కాళ్లు చాపు" అంటే చాలు. అడక్కుండా పట్టుకుని వంచకండి. అగరొత్తులు వెలిగించకండి, ఆ ఘాటు కొందరికి అసలు పడదు. మొదట్లో పది నిమిషాలే ఎక్కువ. ఊపిరి వదలమంటే అర్థంకాని పిల్లలకి అరచేతిలో దూదిపింజ పెట్టి ఊదమనండి. కుడి ఎడమల దగ్గర తడబడే పిల్లలకి కుడి మణికట్టుకి ఎర్రదారం కట్టి, "ఎర్రచెయ్యి ఎత్తు" అని చెప్పండి.

కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకల దగ్గర పట్టు తక్కువ. అందుకే శీర్షాసనం, పల్టీలు వద్దు. ఫిట్స్ వచ్చే పిల్లలతో కపాలభాతి, భస్త్రిక చేయించకండి. ఏదైనా డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ఇంకో మాట, మనసు కష్టపెట్టుకోకుండా వినండి. యోగాతో ఆటిజం పోతుందని ఎవరైనా డబ్బు గుంజితే నమ్మొద్దు. యోగా వల్ల కాస్త నెమ్మది, నిద్ర, ఒంటి మీద పట్టు రావచ్చు. అదే మనకి కొండంత. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మాత్రం మానొద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ, 1984 నుంచీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజంతో పాటు డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. బిడ్డకి దక్కాల్సినవి అడగడానికి సిగ్గుపడకండి.

మొన్న ఆ బాబు వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇప్పుడు మిక్సీ వేసేముందు వాడికి చెబుతున్నాను. చెవులు మూసుకుని 'మ్మ్మ్' అంటూ అక్కడే కూర్చుంటున్నాడు. పరిగెత్తట్లేదు" అంది. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది.

ఈసారి ఏ పెళ్లిలోనో ఒక బిడ్డ చెవులు మూసుకుని కనబడితే, "ఏంటమ్మా, మీవాడు అలా ఉన్నాడు?" అని అడక్కండి తల్లులూ. బ్యాండుమేళానికి దూరంగా ఆ తల్లీబిడ్డలకి రెండు కుర్చీలు వేసిపెట్టండి.