ఏజెంటు కొట్టిన టిక్కు, మీరు కట్టే బిల్లు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది. బకాయిలు రాలేదని 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలే ఆపేశాయి. అదే నెల 22 నుంచి కేంద్రం కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేసింది. ఇంకేం, నిజామాబాద్ జిల్లా పెర్కిట్‌లో పసుపు డబ్బు చేతికందినవాళ్లంతా పాలసీలు తీసుకున్నారు. ఇప్పుడు నా టేబుల్ మీద క్లెయిమ్ తిరస్కరణ లెటర్లు పేరుకుంటున్నాయి. అన్నింటిలోనూ ఒకటే కారణం: ఉన్న జబ్బు దాచారని.

మొన్న వచ్చిన రైతుకు గుండెకు స్టెంట్ వేశారు. కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టర్ 'ఎనిమిదేళ్లుగా షుగర్' అని రాశాడు. ప్రపోజల్ ఫారంలో షుగర్ ఎదురుగా 'లేదు' అని టిక్కు. "షుగర్ రాస్తే ప్రీమియం పెరుగుతది పటేలా" అంటూ ఏజెంటే ఫారం నింపాడట, ఈయన ఓటీపీ చెప్పాడట. ఆ ఓటీపీయే మీ సంతకం. ఫారం చదివారా అని అడిగితే నేల చూపులు!

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం, ఉన్న జబ్బు రాస్తే దానికి గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. దాస్తే, పాలసీ తెగకుండా ఐదేళ్లు నిండేదాకా కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు. మోసమని రుజువు చేస్తే ఆ తర్వాత కూడా. జబ్బు ముందే చెప్పి పాలసీ పొందితే, దాన్నే సాకుగా చూపి క్లెయిమ్ నిరాకరించడం చెల్లదని 2021లో మన్‌మోహన్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిజం రాయడంలో నష్టం పెరిగే ప్రీమియం, ఆగాల్సిన ఆ గడువు వరకే.

కంపెనీలూ తక్కువ తినలేదు. అమ్మేటప్పుడు అడగని పాత చీటీలన్నీ క్లెయిమ్ రోజే అడుగుతాయి. తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. లేదా రెండేళ్లలోపు నిజామాబాద్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. గడువు దాటాక ఫైలు పట్టుకొస్తే నేనేం చేయను?

పాలసీ ఉన్నవాళ్లు ఈరోజే ప్రపోజల్ కాపీ తెప్పించుకుని చదవండి. షుగరు, బీపీ, పాత ఆపరేషన్ల దగ్గర తప్పుంటే ఆసుపత్రి అవసరం రాకముందే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. కొత్తగా తీసుకునేవాళ్లు ఫారం చదవకుండా ఓటీపీ చెప్పకండి. ఏజెంటుకు కమిషన్ ఎప్పుడో ముట్టింది, బిల్లు కట్టాల్సింది మీరే.