తుపాను వేళ ఓడెక్కే ఉద్యోగం: నేవీలో చేరే ముందు తెలుసుకోవాల్సినవి

తుపాను హెచ్చరిక రాగానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒడ్డు చేరతాయి. అదే సమయంలో పక్కనే ఉన్న తూర్పు నౌకాదళ యుద్ధనౌకలు రేవు వదిలి నడిసముద్రం దారి పడతాయి. జెట్టీకి కట్టి ఉంచితే ఈదురుగాలికి తాళ్లు తెంచుకునో, గోడకు గుద్దుకునో ఓడ దెబ్బతింటుంది. లోతు నీళ్లలో, తప్పుకునే చోటు ఉన్నప్పుడే దానికి భద్రత. ఊరంతా తలుపులు బిగించుకుంటున్న పూట నావికుడు డ్యూటీ ఎక్కుతాడు.

నేవీలో సెయిలర్‌గా చేరాలనుకునే పదో తరగతి, ఇంటర్ విద్యార్థులు నోటిఫికేషన్ చదవడానికి ముందే ఈ సంగతి తెలుసుకోవాలి. పరీక్ష గురించీ జీతం గురించీ చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. అలల మీద రోజు ఎలా గడుస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. ఉద్యోగం నచ్చేదీ నచ్చనిదీ తేలేది అక్కడే.

సముద్రం ఎగసినప్పుడు

సముద్రపు ఉద్ధృతిని 0 నుంచి 9 వరకు అంకెలతో చెబుతారు. 5 అంటే రెండున్నర నుంచి నాలుగు మీటర్ల అలలు. 6 అంటే నాలుగు నుంచి ఆరు మీటర్లు, రెండంతస్తుల మేడంత ఎత్తు. యుద్ధనౌకను వేగం కోసం సన్నగా, పొడవుగా కడతారు. ఊపును తగ్గించే రెక్కలు నీటి అడుగున ఉన్నా, పెద్ద అలలకు అది అటూ ఇటూ ఒరుగుతూనే ఉంటుంది, ముక్కు లేస్తూ పడుతూ ఉంటుంది. అలలు పక్క నుంచి కొడితే ఒరగడం మరీ ఎక్కువ. అందుకే వేగం తగ్గించి, అలలకు ఎదురుగా ఓడను నిలుపుతూ నడుపుతారు.

వాతావరణం చెడుతోందని తెలియగానే ఓడలో మొదటి పని, కదిలే ప్రతి వస్తువునూ కట్టేయడం. కుర్చీలు, పెట్టెలు, పనిముట్లు, చివరికి టీ కప్పు కూడా ఊరికే ఉండకూడదు. పైడెక్ మీదికి ఎవరూ రావద్దని మైకులో ప్రకటిస్తారు. మెట్లు ఎక్కినా దిగినా ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాల్సిందే.

గ్యాలీ, అంటే ఓడ వంటగది, అప్పుడెలా ఉంటుందో చూడండి. పొయ్యి మీద గిన్నెలు జారకుండా చుట్టూ ఇనుప కడ్డీలు బిగిస్తారు. పప్పయినా సాంబారైనా గిన్నెలో నిండుగా పోయరు. మరిగే నూనెతో చేసే వంటలు మానేస్తారు. వండేవాడు కాళ్లు ఎడంగా పెట్టి, నడుము దేనికో ఆనించి గరిటె తిప్పుతాడు. కడుపులో తిప్పుతున్నా వంట ఆగదు. వాచ్ (డ్యూటీ వంతు) దిగి వచ్చేవాళ్లకు వేడి అన్నం కావాలి.

గడియారం ఆగదు

ఓడలో పని వాచ్‌ల లెక్కన సాగుతుంది. మామూలుగా ఒక్కో వాచ్ నాలుగు గంటలు. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 వరకు సాగే వాచ్ అందరికీ వంతుల వారీగా వస్తుంది. ఓడను నడిపే బ్రిడ్జ్ మీద చీకట్లోకి కళ్లు పెట్టి చూసేవాళ్లు, రాడార్ తెర ముందు కూర్చునేవాళ్లు, ఇంజిన్ గదిలో వేడిలో, చెవులకు రక్షణ పెట్టుకుని నిలబడేవాళ్లు అందరూ ఒకరి మీద ఒకరు ఆధారపడే ఉంటారు. ఒకరు వాచ్‌కు ఆలస్యంగా వస్తే అంతసేపూ ఇంకొకరి నిద్ర పోతుంది.

పడుకునేది నావికులంతా కలిసి ఉండే మెస్‌డెక్‌లో, ఒకదాని మీద ఒకటిగా ఉన్న బంకుల్లో. సొంతానికి ఒక చిన్న లాకర్. మంచినీళ్లు సముద్రపు నీటి నుంచి తయారు చేసుకోవాలి కాబట్టి స్నానానికీ లెక్క ఉంటుంది. తీరం దాటాక ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. పండగ రోజు అమ్మతో మాట్లాడలేకపోవచ్చు. ఈ మాట ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

వాంతులయ్యేవాళ్లు పనికిరారా?

అరకు ఘాట్ రోడ్డులో బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి నేవీ తనకు కుదరదని అనుకునే కుర్రాళ్లు ఉన్నారు. అది సరికాదు. లోపలి చెవి శరీరం ఊగుతోందని చెబుతుంది, ఎదురుగా ఉన్న గోడ కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఈ రెండింటికీ పొంతన కుదరక మెదడు తికమకపడటమే సీ సిక్‌నెస్. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటుపడుతుంది. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్‌కు జీవితాంతం ఈ బాధ తప్పలేదు, అయినా ఆయన నౌకాదళాలను నడిపించాడు.

కడుపు ఖాళీగా ఉంచకుండా పొడి బిస్కెట్లు, కొద్దిపాటి అన్నం తినడం, నీళ్లు తాగుతూ ఉండటం, వీలున్నప్పుడు దిగంతం వైపు చూడటం మేలు చేస్తాయి. ఓడలోని వైద్య సిబ్బందిని అడిగి మందు ముందుగానే వేసుకోవాలి. దాచుకోవడం వల్ల బాధ పెరుగుతుందే కానీ గౌరవం పెరగదు.

ఈ కష్టానికి అర్థం

2021 మేలో తౌక్తే తుపాను వచ్చినప్పుడు ముంబయి తీరానికి ఆవల పీ-305 అనే బార్జ్ (చదును అడుగు ఓడ) లంగర్లు తెగి కొట్టుకుపోయి మునిగిపోయింది. దాని మీద 261 మంది ఉన్నారు. ఆ గాలిలో ఐఎన్ఎస్ కొచ్చి, ఐఎన్ఎస్ కోల్‌కతా తదితర నౌకలు అక్కడికి చేరాయి. చీకట్లో, లైఫ్ జాకెట్లతో తేలుతున్నవాళ్లను వెతికి ఓడల మీదికి లాగారు. 180 మందికి పైగా బతికి బయటపడ్డారు. రోజూ చేసే డ్రిల్లు ఎందుకో తెలియాలంటే ఈ ఒక్క ఘటన చాలు.

ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది. 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌకలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. నాలుగేళ్ల కొలువుకు తీసుకునే అగ్నివీర్‌ల మొదటి బ్యాచ్ నుంచే యువతులను సెయిలర్లుగా తీసుకుంటున్నారు.

ఎవరు అర్హులు?

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద అగ్నివీర్ నియామకాలు నాలుగేళ్లకు జరుగుతాయి. వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య ఉండాలి, అవివాహితులై ఉండాలి. ఎస్ఎస్ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్)కు మ్యాథ్స్, ఫిజిక్స్‌తో ఇంటర్. ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్)కు పదో తరగతి. ఎంఆర్‌లో చెఫ్ (వంట), స్టివార్డ్ (వడ్డన), హైజీనిస్ట్ (పారిశుద్ధ్యం) పనులు ఉంటాయి. మార్కుల శాతం, వయసు లెక్కించే తేదీ వంటివి ప్రతిసారీ నేవీ అధికారిక నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

ఆన్‌లైన్ పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష దాటినవారికి ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో తొలి శిక్షణ. ఆ తర్వాత పనిని బట్టి లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీలో మెరైన్ ఇంజినీరింగ్, జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురాలో ఎలక్ట్రికల్ వంటి శిక్షణ ఉంటుంది.

మొదటి ఏడాది నెలకు రూ.30 వేలు, నాలుగో ఏడాది రూ.40 వేలు. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి వెళుతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్లకు సుమారు రూ.10 లక్షలు, దానిపై వడ్డీ చేతికొస్తాయి. పెన్షన్ లేదు. శాశ్వత సర్వీసులోకి 25 శాతం వరకే తీసుకుంటారు. కాబట్టి ఇంజిన్లు, ఎలక్ట్రికల్, వంట, ఏ పని అప్పగించినా దాన్ని బయట కూడా అన్నం పెట్టేంత బాగా నేర్చుకోవాలనే పట్టుదలతో మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇప్పటి నుంచే సాధన

* పరుగు, గుంజీలు, పుషప్‌లు రోజువారీ అలవాటు కావాలి. పరీక్షకు నెల ముందు మొదలుపెడితే మోకాళ్లు దెబ్బతినవచ్చు.
* ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు సైన్స్, లెక్కల పదాలను ఇంగ్లిష్‌లో చదవడం ఈరోజే మొదలుపెట్టాలి.
* ఈత రాకపోతే నేర్చుకోండి. శిక్షణలో ఎలాగూ నేర్పుతారు, నీటి భయం ముందే పోతే సగం బరువు దిగినట్లే.
* కళ్లు, చెవులు, పళ్లు, రంగులు గుర్తించే చూపు ముందే పరీక్ష చేయించుకోండి. చివరి మెట్టు మీద ఆగిపోయే బాధ తప్పుతుంది.
* విశాఖ ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసురా జలాంతర్గామి మ్యూజియం లోపలికి వెళ్లి, ఆ ఇరుకులో రోజుల తరబడి ఉండగలరా అని మిమ్మల్ని మీరు అడగండి.

తెల్లని యూనిఫాం ఒడ్డు మీద అందరికీ నచ్చుతుంది. అర్ధరాత్రి, ఊగే ఓడలో, కడుపు బాగాలేని వేళ కూడా మీ వంతు వాచ్‌కు సమయానికి వెళ్లగలనని మీకు నమ్మకం ఉంటే, ఇంట్లో పెద్దలతో మాట్లాడి ధైర్యంగా దరఖాస్తు చేయండి. ఆ నమ్మకం లేకపోతే వేరే దారి ఎంచుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఏదైనా తెలిసి ఎంచుకోండి.