ఫీడ్ రీడరు: విద్యార్థికి ఒక పఠన సాధనము

విద్యార్థి దశలో చదువవలసినది అపారము, చేతనున్న కాలము అల్పము. పాఠ్యవిషయములకు సంబంధించినవి, మాతృభాషలో వార్తలనిచ్చునవి, శాస్త్ర విశేషములను తెలుపునవి, ఇట్లు మనలో ఒక్కొక్కరికి అభిమానమైన వెబ్‌సైట్లు పదియో, ఇరువదియో ఉండును. వానిలో క్రొత్త విషయము చేరినదా యని ప్రతిదినము ఒక్కొక్క దానిని తెరచి చూచుట ప్రయాసతో కూడిన పని. ఆ ప్రయాసను తొలగించు సాధనమే ఫీడ్ రీడరు.

గ్రంథాలయమునకు పోయి పత్రిక వచ్చినదా యని నిత్యము విచారించుట ఒక పద్ధతి. చందా కట్టి తపాలా ద్వారా ఇంటికి తెప్పించుకొనుట మరియొక పద్ధతి. ఫీడ్ రీడరు ఈ రెండవ పద్ధతి వంటిది. వెబ్‌సైటు తన క్రొత్త రచనల శీర్షిక, తేదీ, సంగ్రహము, చిరునామా మొదలగు వానిని వరుసగా పేర్చి ఒక చిన్న ఫైలుగా ఉంచును. దానినే ఫీడు అందురు. ఆ ఫీడు చిరునామాను మనము రీడరునకు ఒక్కసారి తెలిపిన చాలును. అది నియమిత కాలమునకొకసారి ఆ ఫైలును పరిశీలించి, క్రొత్తగా చేరిన వానిని మన ముందుంచును. ఇందుకై మన పేరుగాని, ఈమెయిలుగాని ఆ వెబ్‌సైటు వారికి తెలుపనక్కరలేదు.

ఈ ఫీడుకు ఆర్.ఎస్.ఎస్. అని పేరు. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ దీనిని తొలుత వెలువరించినది. దాని రూపకర్తలలో ఒకరైన రామనాథన్ వి. గుహ మద్రాసు ఐ.ఐ.టి. పూర్వ విద్యార్థి యగుట మనకు సంతోషదాయకము. 2000లో వెలువడిన మరియొక రూపమును రచించిన బృందమున ఆరన్ స్వార్ట్జ్ అను పదునాలుగేండ్ల బాలుడును ఉండెను. విద్యార్థులు ఇది గమనింపదగినది.

ఉపయోగించు విధము సులభము. ఫీడ్‌లీ, ఇనోరీడర్, థండర్‌బర్డ్ వంటి వానిలో ఒకదానిని ఎన్నుకొని, వెబ్‌సైటు చిరునామాను అందు చేర్చవలెను. పెక్కుమార్లు రీడరే ఫీడును వెదకి పట్టుకొనును. బి.బి.సి. వారి ఉర్దూ, తెలుగు వార్తలను ఇట్లు ఒకే చోటికి తెప్పించుకొనవచ్చును. కుడినుండి సాగు లిపియు, ఎడమనుండి సాగు లిపియు ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన నిలుచుట మనవంటి వారికి ప్రత్యేక సౌకర్యము.

అయితే కాలము మిగులుటయే దీని ప్రయోజనము కాదు. సామాజిక మాధ్యమములలో ఏది ముందు చూపవలెనో ఆ సంస్థల యంత్రాంగము నిర్ణయించును. మనలను ఎక్కువసేపు నిలుపగలిగినదే అక్కడ ముందునకు వచ్చును. రీడరులో ఎన్నిక మనది, వరుస సాధారణముగా తేదీని బట్టి యుండును. ఏమి చదువవలెనను నిర్ణయమును ఇతరులకు అప్పగించిన విద్యార్థి తన చదువులో సగము వారికి అప్పగించినట్లే.

రీడరును నమ్మినను, మన జాబితాను మన వద్ద ఉంచుకొనవలెను. 2005లో ఆరంభమై మిక్కిలి ఆదరణ పొందిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడినది. తమ జాబితాను ఓ.పి.ఎమ్.ఎల్. ఫైలుగా దింపుకొన్నవారు దానిని వేరొక రీడరులో చేర్చి పఠనము కొనసాగింపగలిగిరి.

అన్ని వెబ్‌సైట్లును ఫీడు నొసగవు. ఉపకారవేతన ప్రకటనకు గడువు దాటిన పిమ్మట తెలిసిన వార్త నిష్ఫలము. కావున ఫీడు లేని చోట్లను మనమే స్వయముగా చూచుచుండవలెను. కళాశాలల వెబ్‌సైట్లలో పరీక్షల తేదీలకును, ఉపకారవేతనములకును ఫీడు ఏర్పరచినచో, దూరగ్రామముల నుండి వచ్చు విద్యార్థులకు మహోపకారమగునని కమిటీ పెద్దలకు మా మనవి.

రీడరు చేరవేయునే గాని, సత్యాసత్యములను విచారింపదు. ఆ విచారణ మనది. కనుక మొదట ఐదారు మంచి వెబ్‌సైట్లతో ఆరంభించి, చదువలేక మిగిలిపోవు వానిని తొలగించుచు, చదివిన దానిని గూర్చి ఆలోచించు అలవాటు చేసికొందము.