పెట్టెలు పట్టే బండి ఏది?

సిరోంచ, అంకీసా, ఆసరెల్లి, అహేరి వైపు పాటల బృందాలు రాసిన ఉత్తరాలకు ఈసారి సమాధానాలు. అందరి దిగులూ దాదాపు ఒకటే: బాక్సులు, వాయిద్యాలు మోయడానికి ఏ బండి కొనాలి, కొన్నది నిలబడుతుందా?

ప్ర: మాది ఆరుగురి భజన బృందం. హార్మోనియం, తబలా, డోలక్, మిక్సరు, రెండు పదిహేను అంగుళాల బాక్సులు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆటో కిరాయికి మాట్లాడుకున్నాం. ఇప్పుడు తలా కొంత వేసుకుని బండి కొనాలని ఉంది. అందరి డబ్బూ పోసి పనికిరాని బండి కొంటామేమోనని భయం.
– భజన బృందం పెద్ద, సిరోంచ

జ: భయపడకండి, మీ సామాను చోటు తింటుంది గాని పెద్ద బరువేమీ ఉండదు. ప్లాస్టిక్ బాడీ బాక్సు ఒక్కోటి 20 కిలోల దరిదాపుల్లో, హార్మోనియం 10 కిలోల దరిదాపుల్లో తూగుతాయి. స్టాండ్లు, వైర్లు కలిపినా మొత్తం వంద కిలోలు దాటకపోవచ్చు. సామానంతా వాకిట్లో ఒకచోట పేర్చి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో పాటు ఒక బాక్సును కూడా షోరూంకు తీసుకెళ్లి ఎక్కించి చూడండి. నెలనెలా వేసే ప్రోగ్రాంకు సరిపడే బండి కొనుక్కుంటే చాలు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకో, ఎప్పుడో వచ్చే పుష్కరాలకో పెద్ద సెట్టు కావాల్సి వస్తే ఆ రోజుకు ట్రాలీ కిరాయికి దొరుకుతుంది.

ప్ర: అప్పు చేసి ఏడు సీట్ల ఎర్టిగా కొన్నాను. ఏడుగురం కూర్చుంటే వెనక కీబోర్డు కూడా పట్టడం లేదు. మోసపోయానా?
– కీబోర్డు వాయించే యువకుడు, అహేరి

జ: మోసపోలేదు, చిన్న ఏడు సీట్ల కార్లన్నీ ఇంతే. ఎర్టిగాలో మూడు వరుసలూ నిలబెడితే వెనక మిగిలేది 209 లీటర్ల చోటు, చివరి వరుస మడిస్తే అదే 550 లీటర్లవుతుంది. రెనో ట్రైబర్‌లో 84 లీటర్లు, చివరి సీట్లు విప్పేస్తే 625. 61 కీల కీబోర్డు మీటరు పొడవుంటుంది కాబట్టి చివరి వరుసలో ఒక సగం మడిచి, దాన్ని పొడవుగా పెట్టండి. అయిదారుగురికీ, సామానుకూ చాలుతుంది. ఏడో మనిషి మోటార్ సైకిల్ మీద రావాల్సిందే.

ప్ర: ఈకో తీసుకోవాలా, బొలెరో తీసుకోవాలా? ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటంటున్నారు. తల తిరిగిపోతోంది.
– ఆర్కెస్ట్రా నిర్వాహకుడు, అంకీసా

జ: రెండూ మంచి బండ్లే, మీరు తిరిగే దారిని బట్టి తేల్చుకోవచ్చు. ఎక్కువగా వంతెనలు దాటి కాళేశ్వరం, చెన్నూరు, మంచిర్యాల వైపే ప్రోగ్రాంలుంటే ఈకో హాయి: పక్క తలుపులు జరుగుతాయి, అడుగు కిందికే ఉంటుంది, బాక్సు ఎత్తేటప్పుడు నడుము పట్టదు. ఆలాపల్లి దారి గుంతల్లోనో, లోపలి ఊళ్ల మట్టి రోడ్ల మీదో ఎక్కువ తిరిగేవారైతే బొలెరో నయం. ఈకో అడుగుకూ నేలకూ మధ్య 160 మిల్లీమీటర్లుంటే దీనికి 180 ఉంటుంది, వెనక కమాన్ కట్టలూ గట్టివి. సీఎన్‌జీ బండి మాత్రం చూసి తీసుకోండి, చాలా కార్లలో సిలిండరు సామాను చోట్లోనే కూర్చుంటుంది.

ప్ర: మా మేనమామ 2009 నాటి ఓమ్ని వ్యాను తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. వద్దంటే ఆయనకు కోపం, తీసుకుంటే నాకు భయం.
– డోలక్ కళాకారుడు, ఆసరెల్లి

జ: తీసుకునే ముందు ఆర్‌సీ ఒక్కసారి చూడండి, సగం భయం అక్కడే తేలిపోతుంది. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ గడువు 2024లోనే తీరింది కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యువల్ చేయించారో లేదో మేనమామను అడగండి. ఇంజిను ముందు సీటు కిందే కనుక సీటు వేడెక్కడం మామూలే; పెట్రోలు వాసన, అడుగు రేకుకు తుప్పు, సరిగ్గా పడని తలుపు మాత్రం మామూలు కాదు. కొత్త భద్రతా నిబంధనలకు తగ్గట్టు లేక 2019లో తయారీ ఆగిపోయిన బండి అది. చుట్టుపక్కల ఊళ్లకు వాడుకోండి, దూరపు రాత్రి ప్రయాణాలకు వద్దు.

ప్ర: నాలుగు బాక్సులు వేయగానే మా కారు వెనక కిందికి దిగిపోతోంది. స్ప్రింగులు విరిగిపోతాయా?
– గాయకుడు, సిరోంచ

జ: కాస్త దిగడం సహజం, బరువు పడితే వంగడమే స్ప్రింగు పని. గుంతలో టైరు పైరేకుకు రాసుకున్నా, అడుగు నేలకు తగిలినా, స్టీరింగు మరీ తేలిగ్గా తిరుగుతున్నట్టనిపించినా, హెడ్‌లైట్లు ఆకాశం వైపు చూస్తున్నా ఆపి బరువు తగ్గించండి. అన్నిటికంటే బరువైన బాక్సును వెనక తలుపు దగ్గర కాకుండా సీటు వీపుకు ఆనించి అడుగున పెట్టండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు టైర్లలో గాలి ఎంతుండాలో రాసి ఉంటుంది, బయలుదేరే ముందు అంత పట్టించండి.

ప్ర: డబుల్ 18 బాస్ బాక్సులు నాలుగు, టాప్‌లు నాలుగు, యాంప్లిఫయర్లు, జనరేటరు ఉన్నాయి. టాటా ఏస్ చాలంటున్నారు. నాకున్నది కారు లైసెన్సే. పట్టుబడతానేమో.
– సౌండ్ సర్వీసు యజమాని, అహేరి

జ: లైసెన్సు గురించి దిగులొద్దు: లైట్ మోటారు వాహన లైసెన్సుతో మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బరువు సంగతే ఆలోచించండి. డబుల్ 18 బాక్సు ఒక్కోటి 80 నుంచి 100 కిలోలు, మిగతావి కలిస్తే ఏస్ మోసే ముప్పావు టన్ను ఇట్టే నిండిపోతుంది. టన్ను దాటి మోసే దోస్త్, బొలెరో పికప్ వంటివి మీకు సరైనవి. పరిమితి మించితే జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది, దానికంటే ముందు బ్రేకులు అందకుండా పోతాయి.

ప్ర: తెల్ల నంబరు ప్లేటు కారులో బాక్సులు కనిపిస్తే చలాను రాస్తారట. నిజమేనా? మంచిర్యాలలో పాత కారు చూశాం, అది తెలంగాణ నంబరు. ఇంకో చిక్కు వస్తుందా?
– క్రైస్తవ గీతాల బృందం, సిరోంచ

జ: మీ కారులో మీ వాయిద్యాలు మీరు తీసుకెళ్లడం తప్పు కాదు, నిశ్చింతగా వెళ్లండి. బండిని డబ్బుకు ఇతరుల సామాను మోయడానికి తిప్పితేనే పసుపు ప్లేటు కావాలి. చోటు కోసం సీట్లు శాశ్వతంగా పీకించకండి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వస్తే బీమా క్లెయిము దగ్గర ఇబ్బంది. మంచిర్యాల కారుకు అమ్మేవారి చేత అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తీయించుకోండి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకునే బండికి ఇక్కడి పన్ను కట్టి గడ్చిరోలి ఎంహెచ్-33 నంబరు వేయించుకోవాలి.

ప్ర: మా అబ్బాయి డప్పుల బృందంలో ఉన్నాడు. పిల్లలంతా ట్రాలీలో బాక్సుల మీద కూర్చుని వెళ్తారు. వద్దంటే నవ్వుతాడు.
– ఒక తల్లి, రేగుంఠ

జ: మీ భయం సరైనదేనమ్మా, ఈ విషయంలో మీ మాటే నెగ్గాలి. సడన్ బ్రేకు పడితే బండి ఆగుతుంది గాని, కట్టని బాక్సు అదే వేగంతో ముందుకొస్తుంది. దాని మీద కూర్చున్న పిల్లవాడికి పట్టుకోవడానికేమీ ఉండదు. సామాను బండి వెనక ఊరికే ఎక్కినవారికి బీమా సాధారణంగా వర్తించదు కూడా. సామాను ట్రాలీలో, మనుషులు జీపులో వెళ్లేలా రెండు కిరాయిలూ కలిపి ప్రోగ్రాం డబ్బు మాట్లాడుకోమని బృందం పెద్దతో మీరే చెప్పండి.

ప్ర: వానాకాలంలో భామ్రాగఢ్ వైపు ప్రోగ్రాం ఒప్పుకున్నాం. వాగు పొంగితే బొలెరో దాటుతుందంటున్నారు. అడ్వాన్సు తీసుకున్నాం, వెళ్లకపోతే పరువు పోతుంది.
– ఆర్కెస్ట్రా బృందం, ఆలాపల్లి

జ: వానకు ఆగిపోయినవాళ్లను ఆ వైపు ఎవరూ తప్పుపట్టరు, పర్లకోట నది పొంగి దారి మూసుకుపోవడం వాళ్లకు ఏటా తెలిసిన సంగతే. నిలిచిన నీళ్లు వేరు, పారే నీళ్లు వేరు: పారే నీరు ఒక అడుగుంటే చిన్న కారు తేలిపోతుంది, రెండు అడుగులుంటే పెద్ద బండినీ లాక్కుపోతుంది. కల్వర్టు అంచు కనిపించనంతగా నీళ్లు పారుతుంటే బొలెరో అయినా ఇవతలే ఆగాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒప్పుకునే ప్రోగ్రాంలకు "దారి ఉంటేనే" అన్న మాట ముందే అనుకోండి.

ప్ర: మే నెలలో కారులో పెట్టి తీసుకెళ్తే తబలా శ్రుతి పైకి పోతోంది. వానల్లో డప్పు మోగదు. కారు వల్ల వాయిద్యాలు పాడవుతున్నాయా?
– తబలా కళాకారుడు, సిరోంచ

జ: పాడవడం లేదు, ఎండకు తోలు బిగుసుకోవడం, తేమకు వదులవడం దాని స్వభావం. నలభై డిగ్రీలు దాటిన ఎండలో అద్దాలు మూసిన కారు లోపల వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే వాయిద్యాలను చివరగా ఎక్కించి, చేరగానే ముందు దింపండి. ఏసీ కారులోంచి ఉక్కలోకి దింపిన కీబోర్డు, మిక్సరు మీద చెమ్మ పడుతుంది, అరగంట ఆగి స్విచ్ వేయండి. తోలు మీద పగులు కనిపించినా, హార్మోనియం మెట్టు నొక్కకుండానే మోగుతున్నా అప్పుడు మరమ్మతుకు తీసుకెళ్లండి.

ప్ర: రాత్రిపూట నల్ల పెట్టెలు చూసి పోలీసులు ఆపుతారు. ఏం చెప్పాలో తెలియక చెమటలు పడతాయి.
– సౌండ్ ఆపరేటరు, ఆసరెల్లి

జ: మూడు రాష్ట్రాలు కలిసే చోట తనిఖీ మామూలే, మీ మీద అనుమానంతోనే ఆపారనుకోకండి. లోపలి లైటు వేసి, చేతులు కనిపించేలా కూర్చుని, అడిగిన పెట్టె తెరిచి చూపించండి. సామాను జాబితా, కొన్న బిల్లుల నకళ్లు, పిలిచినవారి ఉత్తరమో పోస్టరో ఒక ఫైల్లో పెట్టుకోండి. పెట్టెల మీద బృందం పేరు పెద్ద అక్షరాలతో మరాఠీలోనూ తెలుగులోనూ రాయిస్తే చెప్పాల్సిన మాటలు తగ్గుతాయి.

ప్ర: వడ్సా నాటక కంపెనీ ఈ సీజనుకు కీబోర్డుకు పిలిచింది. నాకున్నది వాగన్ ఆర్. పెద్ద బండి లేదని వద్దనుకోవాలా?
– కీబోర్డు కళాకారుడు, సిరోంచ

జ: వద్దనుకోకండి, నాటక కళాకారుడు పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ తెచ్చిన ఝాడీపట్టీ రంగస్థలం అది. ఒక మనిషికి, ఒక కీబోర్డుకు, స్టాండుకు, చిన్న యాంప్లిఫయరుకు వెనక సీటు మడిచిన వాగన్ ఆర్ సరిపోతుంది. స్టేజీ, సౌండు ఎవరు తెస్తారో, ఊరూరికీ మిమ్మల్ని కంపెనీ బండిలో తీసుకెళ్తారో లేదో ఒప్పుకునే ముందే అడగండి. దీపావళి తర్వాత మొదలై హోలీ దాకా సాగే సీజను. రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న ఇంటికి ప్రతిసారీ రాకుండా అక్కడే గది చూసుకుంటే బండికీ మీకూ మేలు.

ప్ర: మా ఆయన ప్రోగ్రాం అయ్యాక తనే నడుపుకుంటూ తెల్లవారుజామున వస్తారు. ఇల్లు చేరేదాకా నాకు కంటి మీద కునుకుండదు. మంచి బండి కొంటే ఈ భయం పోతుందా?
– గాయకుడి భార్య, అంకీసా

జ: మంచి బండి కొంత ధైర్యమిస్తుందమ్మా, కానీ నిద్రమత్తుకు ఏ బండిలోనూ మందు లేదు. పాడినవాళ్లకు అలసట సహజం. మాటిమాటికీ ఆవలింతలు, దాటిన ఊరు గుర్తులేకపోవడం, బండి రోడ్డు అంచుకు జరగడం మాత్రం వెంటనే ఆపాలన్న గుర్తులు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు ఆపాలి, ప్రత్యేక అనుమతి ఉన్న రోజులే మినహాయింపు. కాబట్టి చాలా ప్రోగ్రాంలకు తెల్లవారే పనే ఉండదు. ఆలస్యమయ్యేవాటికి వాయించని మనిషినొకరిని డ్రైవింగుకు పెట్టుకోమనండి, లేదంటే ప్రోగ్రాం మాట్లాడుకునేటప్పుడే పడుకోవడానికి చోటు అడగమనండి. భోజనం పెట్టేవాళ్లు చాప వేయడానికి కాదనరు.